పుంతదారికి పాతబండి

కోనసీమలో దారి అంటే తారురోడ్డు ఒక్కటే కాదు. రావులపాలెం నుంచి కొత్తపేటకో, అమలాపురం నుంచి రాజోలుకో పోయే రాజమార్గాన్ని వదలి ప్రక్కకు తిరిగితే కాలువగట్టు ఎదురవుతుంది. గట్టు దిగితే పుంత వస్తుంది. పుంత చివర ఏటి ఇసుక, ఆ ఇసుకకు ఆవల లంక. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ నివసించే మనకు ఈ దారులన్నీ పుట్టినప్పటినుంచీ పరిచితమైనవే. వెనుకటి కాలంలో వాటి బరువును ఎడ్లబండీ, పడవా పంచుకున్నవి. ఈనాడు ఆ బరువులో పెద్దభాగం మోటారుబండి మీద పడింది.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పాత పికప్పు బండి నొకదానిని చౌకగా కొని, మరమ్మతులూ మెరుగులూ చేయించి, ఇట్టి దారులలో నడపాలనే ఉత్సాహం మన యువకులలో కనిపిస్తున్నది. కొందరికి లంకలోని కొబ్బరికాయను అంబాజీపేట మార్కెట్టుకూ, అరటిగెలను రావులపాలెం మార్కెట్టుకూ చేర్చడం అవసరం. మరికొందరికి సెలవునాడు మారేడుమిల్లి అడవిదారిన పోయి గుడిస కొండమీది గడ్డిమైదానం చూచి రావడం వినోదం. ప్రయోజనాలు వేరైనా ఇద్దరూ కొనే బండి ఒకటే. ఇద్దరూ తరచుగా చేసే పొరపాటు కూడా ఒకటే. కంటికి కనిపించే వాటిమీద ముందుగా డబ్బు ఖర్చుచేసి, కనిపించనివాటిని తరువాత చూడవచ్చుననుకోవడమే ఆ పొరపాటు. కాని దారి తప్పినచోట మనిషి ప్రాణాన్నీ, అప్పు తెచ్చి పెట్టిన సొమ్మునూ కాపాడేవి ఆ కనిపించనివే. ఈ విషయాన్ని కొంచెం వివరంగా పాఠకులతో ముచ్చటించాలని మా కోరిక.

కొన్ని సంవత్సరాల క్రితం రైతుల కార్యక్రమానికి ధ్వనిముద్రణ చేయడానికై మేము ఒక లంకకు అద్దెబండిలో బయలుదేరాము. వేసవికాలం కావడంచేత పాయ ఎండి, పొడుగునా ఇసుకమేట పరచుకొని ఉన్నది. పావువంతు దాటేసరికి వెనుకచక్రాలు దిగబడినవి. మేము కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కమన్నాము. డ్రైవరు పెద్దవాడు. ఆయన మా మాట వినలేదు. ఇంజను ఆపి దిగి, నాలుగు టైర్లలోనూ కొంత గాలి వదలివేసి, చక్రాల ముందరి ఇసుకను చేతులతో ప్రక్కకు తీశాడు. "ఇసకతో దెబ్బలాట పెట్టుకోకూడదండీ బాబుగారూ, బతిమాలుకోవాలండి" అన్నాడు. ఆ తరువాత బండి ఏ ఆర్భాటమూ లేకుండా మెల్లగా పైకి వచ్చింది.

ఆ పెద్దమనిషి చేసిన పనిలో ఒక శాస్త్రసత్యం ఉన్నది. టైరు నేలమీద మోపే ఒత్తిడి దాదాపుగా ఆ టైరులోని గాలి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. తారురోడ్డు మీద చదరపు అంగుళానికి 35 పౌండ్ల గాలితో నడిచే టైరులో 17, 18 పౌండ్లకు తగ్గిస్తే, నేలను తాకే దాని పాదం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అదే బరువు రెట్టింపు స్థలంలో సర్దుకుంటుంది, ఇసుక క్రుంగదు. అయితే ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నవి. 15 పౌండ్లకన్నా తగ్గిస్తే మలుపులో టైరు చక్రం అంచునుంచి ఊడిపోయే ప్రమాదం ఉన్నది. రెండవది, గట్టినేల మీదికి రాగానే తిరిగి గాలి నింపకపోతే టైరు వేడెక్కి పగిలిపోవచ్చును. కనుక గాలి కొలిచే మీటరూ, బ్యాటరీతో పనిచేసే చిన్న గాలిపంపూ ఈ బండిలో మొట్టమొదట ఉండవలసిన సామగ్రి. మెరుగులన్నిటిలో ఇంత చౌకైనది, ఇంత ఫలమిచ్చేది మరొకటి లేదు.

బరువుకూ నేలకూ గల ఈ సంబంధం వల్లనే ఆనాటి జీపుకు అంత పేరు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో ప్రసిద్ధికెక్కిన విల్లిస్ జీపు ఇంజను శక్తి 60 అశ్వశక్తులు మాత్రమే. కాని దాని బరువు సుమారు 1,100 కిలోలు. 1947 నుంచి మహీంద్రా సంస్థ ఈ జీపుతో మన దేశంలో మోటారు వ్యాపారం ప్రారంభించింది. మన రాష్ట్రంలోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుంచి వచ్చిన వీ-క్రాస్ పికప్పుకు మొదట్లో 134 అశ్వశక్తుల ఇంజను ఉండేది. బరువు మాత్రం రెండు టన్నులకు దగ్గర. శక్తి రెట్టింపైనా బరువు కూడా రెట్టింపుకు దగ్గరైనది. పెద్ద ఇంజను ఉన్నంతమాత్రాన బండి ఇసుకలో దిగబడదని అనుకోరాదు.

ఇక కొనుగోలు సంగతి. పాతబండ్ల బజారులో మనకు దొరికే పికప్పులు చాలా రకాలు. 2000లో బొలెరో వచ్చిన తరువాత దాని కుటుంబంలో వచ్చిన పికప్పులు, క్యాంపర్లు. 2007లో వచ్చిన స్కార్పియో గెటవే. 2009లో వచ్చిన టాటా జెనాన్. 2016 నాటి వీ-క్రాస్. వీటిలో అనేకం రెండు చక్రాల లాగుడుతోనూ, నాలుగు చక్రాల లాగుడుతోనూ కూడా వచ్చినవి. కనుక పేరు చూచి మోసపోరాదు. ముందు ఇరుసుకు కూడా వెనుక ఇరుసుకు వలె డిఫరెన్షియలు ఉన్నదా, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్నదా అని బండి క్రిందికి వంగి చూడాలి. ఉంటే చాలదు, అది పనిచేయాలి. వదులు ఇసుక ఉన్నచోటికి తీసుకుపోయి, నాలుగు చక్రాల లీవరు వేసి మెల్లగా నడపమని, బయట నిలబడి ముందు చక్రాలు కూడా ఇసుకను వెనుకకు త్రోస్తున్నవో లేదో గమనించాలి. ఈ పరీక్షను తారురోడ్డు మీద చేయరాదు. ఇట్టి బండ్లలో ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతవి కనుక, గట్టినేల మీద మలుపు తిప్పితే పళ్ళచక్రాలు బిగిసి విరిగిపోతవి.

రెండవ పరీక్ష ఛాసిస్‌కు. ఇది మన ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలి ఇనుమును నిరంతరం తినివేస్తూ ఉంటుంది. వరదలో మునిగిన బండి అయితే ఛాసిస్ దూలాల లోపల ఒండ్రు నిలిచి, అది తేమను పట్టి ఉంచి, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పైకి క్రొత్తగా నల్లరంగు వేసి ఉంటే సంతోషించకుండా అనుమానించాలి. చిన్న సుత్తితో దూలం పొడవునా తట్టుకుంటూ పోతే, గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. కమానులు బిగించిన బ్రాకెట్ల దగ్గర, అతుకుల దగ్గర మరింత శ్రద్ధగా చూడాలి. బాడీ రేకు మీద చిన్న అయస్కాంతం పెట్టి చూస్తే పుట్టీ నింపినచోట అది అంటుకోదు. ఇంజను పాడైతే బోరు చేయించవచ్చును, గేరుపెట్టె పాడైతే మార్చవచ్చును. ఛాసిస్ పుచ్చిపోయిన బండిని మాత్రం ఎంత చౌకకు ఇచ్చినా విడిచిపెట్టడమే మంచిది.

మూడవది, నూనెల పరీక్ష. ఇంజను, గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసులు, ఈ అయిదింటిలోనూ నూనె చూడాలి. నూనె పాలవలె తెల్లబడి ఉంటే లోపల నీరు చేరిందని అర్థం. ఇంజను నడుస్తుండగా నూనె మూత తీస్తే పొగ బుసబుస పైకి వస్తే, మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టను రింగులు అరిగినవన్నమాట. నీలిపొగ నూనె మండుతున్నదనడానికి గుర్తు. నల్లపొగ గాలి చాలకనో, డీజిలు ఎక్కువయ్యో వస్తుంది. దీనికి చికిత్స సాధారణంగా సులభం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ తగ్గకపోతే తొందరపడి బయానా ఇవ్వరాదు. ఉదయాన్నే బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి, మన ఎదుటనే మొదటిసారి స్టార్టు చేయించడం ఈ పరీక్షలన్నిటికీ తగిన సమయం.

బండి నచ్చిన తరువాత కాగితాలు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషను పత్రంతో అక్షరం అక్షరం సరిచూడాలి. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్లు ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు దాఖలు చేయాలి. దీనిలో అమ్మేవారికీ ప్రమాదం ఉన్నది. బండి చేతులు మారినా పత్రంలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత పత్రంలో పేరున్న వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సరుకు రవాణా బండ్లకు ఎనిమిదేళ్ళ వయస్సు వచ్చేవరకు రెండేళ్ళ కొకసారి, ఆ తరువాత ఏటేటా సామర్థ్యపత్రం తీసుకోవలసి ఉంటుంది. ఈ ఖర్చును కూడా బండి ధరలో భాగంగానే లెక్కించాలి.

బండి ఇంటికి వచ్చింది. ఇక మెరుగులు. సాధారణంగా మన యువకులు ముందుగా చేయించేవి ఏవి? బండిని ఎత్తు చేయించడం, పెద్ద టైర్లు వేయించడం, ముందు ఇనుప కమ్మీల గార్డు బిగించడం, పైన దీపాల వరుస. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

బండిని ఎత్తుచేస్తే దాని గరిమనాభి పైకి పోతుంది. అనగా ప్రక్కకు ఒరిగినప్పుడు బోల్తాపడే గుణం పెరుగుతుంది. ఒకవైపు కాలువ, మరొకవైపు పల్లపుచేను ఉన్న సన్నని గట్టుమీద ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. టైరు ఎత్తు నూటికి పదివంతులు పెరిగితే, స్పీడుమీటరు 60 చూపినప్పుడు నిజవేగం 66 అవుతుంది. ఇంజను లాగే శక్తి తగ్గుతుంది. బ్రేకు పట్టు కూడా ఆ మేరకు సడలుతుంది. ఇనుప గార్డుల మాట చెప్పాలంటే, ఢీకొన్నప్పుడు బాటసారికి హాని చేస్తవనీ, అవి చట్టవిరుద్ధమనీ కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు తెలియజేసింది. తయారీదారు నిర్ణయించిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019లో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. అనుమతి లేని మార్పులున్న బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కు రావచ్చును. కనుక ఈ అలంకారాలకు పెట్టదలచిన సొమ్మును వేరే పనులకు మళ్ళించడమే వివేకం.

ఆ పనులలో మొదటిది బ్రేకులు, స్టీరింగు. బ్రేకు గొట్టాలు, రబ్బరు వాషర్లు, లైనర్లు, స్టీరింగు కీళ్ళు క్రొత్తవి వేయించిన తరువాతనే మిగిలిన మాట. రెండవది టైర్లు. బండితో వచ్చిన టైరు మందంగా కనిపించినా, ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్ళు గడచినకొద్దీ రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. బురదకోసమే చేసిన లోతైన పళ్ళ టైర్లు ఇసుకను త్రవ్వి గొయ్యి చేస్తవి, తారురోడ్డుమీద రొదచేస్తవి. ఒకే ప్రయాణంలో తారు, ఒండ్రు, ఇసుక మూడూ ఎదురయ్యే మనకు అన్ని నేలలకూ సరిపోయే మధ్యరకం టైరే తగినది.

మూడవది చాలామందికి తెలియని చిన్న పని. ఇరుసుల పెట్టెలకు ఊపిరి తీసుకునేందుకు చిన్న రంధ్రం ఉంటుంది. ప్రయాణంలో వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లని నీటిలో దిగితే, లోపలి గాలి ముడుచుకొని బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నూనె పాలవలె మారేది ఇందువల్లనే. ఆ రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి, దాని కొనను ఇంజను పైభాగం వరకు తెచ్చి కడితే ఆ బెడద చాలావరకు తొలగుతుంది. ఖర్చు స్వల్పం, దీనివల్ల రక్షించబడే క్రౌను పినియను విలువ మాత్రం స్వల్పం కాదు.

నాలుగవది, దిగబడిన బండిని లాగడానికి ముందూ వెనుకా ఛాసిస్‌కే బిగించిన బలమైన కొక్కేలు. బంపరుకు తాడు కట్టి లాగితే బంపరు ఊడి, తుపాకీగుండు వలె వచ్చి మనుష్యులకు తగలవచ్చును. తాడు బిగిసినప్పుడు దాని దరిదాపులలో ఎవరినీ నిలబడనీయరాదు. అయిదవది కమానులు. కాయల బరువుకోసం అదనపు పట్టీలు వేయించడం మన ప్రాంతంలో అలవాటు. అవి ఉన్న బండి ఖాళీగా పోయినప్పుడు ఎగిరిపడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు ఉండదు. అసలే పికప్పు ఖాళీగా ఉన్నప్పుడు వెనుకభాగం తేలిక. అట్టి సమయంలో వెనుక ఇరుసుకు కొంచెం ముందుగా రెండు మూడు ఇసుకబస్తాలు కదలకుండా కట్టుకుంటే చక్రాలకు పట్టు దొరుకుతుంది.

ఇన్ని చేసినా నాలుగు చక్రాల బండికీ ఒక బలహీనత ఉన్నది. సాధారణమైన డిఫరెన్షియలు రెండు చక్రాలలో ఏది తేలికగా తిరుగుతుందో దానికే కదలికను అప్పగిస్తుంది. ఒక చక్రం బురదలో జారితే, గట్టినేల మీద ఉన్న రెండవ చక్రం ఊరక నిలబడిపోతుంది. కనుక చక్రం తిరగడం మొదలుపెట్టి బండి కదలకపోతే వెంటనే ఆపివేయాలి. ఇంకా తొక్కితే గొయ్యి లోతు కావడం తప్ప ఫలితం లేదు. వచ్చిన జాడలోనే వెనుకకు రావడం, లేదా చక్రం క్రింద కొబ్బరిమట్టలు పరచి మెల్లగా కదలడం ఉపాయం. లో గేరులో చక్రాలకు అందే లాగుడు సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. ఇది వేగానికి కాక, నిదానానికి ఇచ్చిన సాధనం.

సహాయానికి కొబ్బరిచెట్టు కనబడగానే గొలుసు చుట్టడం మరొక దురలవాటు. మామిడి, వేప చెట్లకు బెరడు గాయపడితే కొంతకాలానికి పూడుతుంది. కొబ్బరిచెట్టుకు అట్టి పెరుగుదల పొర లేదు. దాని మానుకు పడిన గాయం దాని జీవితాంతం మానదు. తప్పనిసరి అయితే వెడల్పైన నాడాతో, మొదలుకు దగ్గరగా, నిటారుగా ఉన్న చెట్టుకు మాత్రమే కట్టాలి. ఆ చెట్టు ఒక కుటుంబపు జీవనాధారమని మరువరాదు. వానాకాలంలో తడిసిన కాలువగట్లమీద బండి నడిపి గాళ్ళు చేస్తే, ఆ గాళ్ళలో నీరు నిలిచి గట్టు బలహీనమవుతుంది. మన సరదా ఖరీదు దిగువ రైతు చేను చెల్లించకూడదు. అట్లే జనవరి మొదలుకొని వేసవి ప్రవేశం వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరపు ఇసుకలో గ్రుడ్లు పెడతవి. వన్యప్రాణుల చట్టం వాటికి సంపూర్ణ రక్షణ కల్పించింది. ఆ ఇసుకమీద చక్రం పోతే క్రింద ఏమి నలిగిందో మనకు తెలియను కూడా తెలియదు.

చివరిది, నీరు. పి.గన్నవరం మండలంలో చాకలిపాలెం దగ్గర కనకాయలంకకు పోయే కాజ్‌వే గోదావరికి వరద వచ్చినప్పుడల్లా మునుగుతుంది. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలను చూచినవారికి ఆ నీటి బలం తెలుసును. నిలకడనీటిలోనైనా ముందు మనిషి కర్రతో నడిచి లోతు చూచిన తరువాతనే బండి దింపాలి. గాలి పీల్చే గొట్టంలోనుంచి నీరు ఇంజనులోనికి పోతే, నీటిని అణచడం పిస్టనుకు సాధ్యం కాక కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఆగిన ఇంజనును మళ్ళీ స్టార్టు చేయరాదు. ఇక పారే నీరు మోకాలి లోతు ఉన్నా బండిని ప్రక్కకు త్రోయగలదు. అక్కడ నాలుగు చక్రాల గొప్పతనం ఏమీ పనిచేయదు. అక్కడ చేయవలసినది వెనుకకు తిరగడమే.

పాతబండిని నేర్పుగా కొని, మితంగా మెరుగుపరచి, నేల స్వభావం తెలిసి నడిపినవారు తమకే కాదు, ఊరికీ ఉపకారులవుతారు. 1996 నవంబరు 6వ తేదీ తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు దారులకు అడ్డంగా పడిపోయిన దృశ్యాన్ని పెద్దలు నేటికీ చెబుతారు. అట్టి రోజున తాడు, గొడ్డలి, మంచి బ్రేకులు ఉన్న ఒక్క బండి ఊరి చివర వాకిట్లో ఉంటే, అది ఒక రోగిని ఆసుపత్రికి చేర్చవచ్చును, ఒక కుటుంబానికి మంచినీరు అందించవచ్చును. ఆ రోజున దాని మీద ఎన్ని దీపాలు ఉన్నవని ఎవరూ లెక్కపెట్టరు. ఛాసిస్ గట్టిదా, చక్రానికి పట్టున్నదా, నడిపేవాడికి నిదానం ఉన్నదా అన్నవే లెక్కకు వస్తవి. ఇసుకను బతిమాలుకున్న ఆ పెద్ద డ్రైవరు మాకు నేర్పినదీ ఇంతే.